కడిగిన ఇసుక

జూన్ 3, సోమవారం

మళ్ళీ అదే గోల. సైట్‌లో కొలిస్తే ఇసుకలోకి పంపిన కుదుపు, అదే వేవ్, సెకనుకి నూట డెబ్బై మీటర్లు. అదే ఇసుక తెచ్చి మా ల్యాబ్ సిలిండర్‌లో అంతే డెన్సిటీతో కూరి కొలిస్తే రెండొందల ముప్పై. నేల గట్టిగా ఉంటే వేవ్ పరిగెడుతుంది, మెత్తగా ఉంటే ఈడుస్తుంది. మరి ఈ రెండిట్లో అబద్ధం ఏది?

ల్యాబ్ ఛీఫ్ మా నంబరే కరెక్ట్ అంటాడు. ఎక్కువొచ్చిన నంబరంటే ఆయనకి ముద్దు.

జూన్ 4

కేబుల్స్ మార్చాను. సెన్సర్లు మార్చాను. రెండొందల ముప్పై. తల గోడకేసి కొట్టుకుందామనిపించింది. గోడ స్టిఫ్‌నెస్ అయినా తెలిసేది.

జూన్ 6

తమ్ముడు ఫోన్ చేశాడు. నా ఖర్మకొద్దీ ఆ సైట్ వాడిదే. ఇంజనీరుగా వాడి చేతికి మొదటిసారి పూర్తిగా అప్పగించిన పని. రేకుల్ని దభీ దభీమని గుద్దే మెషిన్ల ఫ్యాక్టరీ, రెండు హాళ్ళు. రోజంతా నేలని ఊపేస్తాయి. కింద ఇసుక తట్టుకోకపోతే పునాది కదులుతుంది, మెషిన్ ఊగుతుంది. దాని ముందు చేతులు పెట్టి పనిచేసేవాళ్ళ గతేంటి?

మొదటి హాలు పునాదులు వాడు మా ఛీఫ్ నోటిమాటగా చెప్పిన నంబరుతో పోసేశాడట. రెండో హాలుకి బుధవారం కాంక్రీట్. రిపోర్ట్ ఎప్పుడిస్తావక్కా అని ఒకటే నస.

జూన్ 7, మధ్యాహ్నం

దొరికింది. ఓరి భగవంతుడా, దొరికింది!

మా అసిస్టెంట్‌ని అందరం శుభ్రంగారు అంటాం. మనిషి బంగారం. టీ కప్పు తాగేముందొకసారి, తాగాకొకసారి కడుగుతాడు. ఇవాళ సింక్ దగ్గర చూద్దును కదా, సైట్ ఇసుకని సన్న జల్లెడలో పోసి, కుళాయి కింద పెట్టి, తెల్లగా తళతళలాడేదాకా కడుగుతున్నాడు. మట్టినీళ్ళు గొట్టంలోకి పోతున్నాయి. ఇదేంటండీ అన్నాను. మొదట్నుంచీ ఇంతేనట. మురికి ఇసుక పెడితే సెన్సర్లు పాడైపోవూ అని నన్నే అడిగాడు.

ఆ మురికే కదా మహానుభావా సైట్ ఇసుకలో ఏడో వంతు! మేం ఇన్నాళ్ళూ కొలిచింది సైట్ ఇసుకని కాదు, ఈయన ఉతికి ఆరేసిన ఇసుకని.

గట్టిగా అరిచేశాను. తర్వాత వెళ్ళి సారీ చెప్పాను. ఆయన ముఖం చిన్నబోయింది. నాకు ఏడుపొచ్చింది.

జూన్ 8

కడగని ఇసుకతో నూట డెబ్బై అయిదు. వేగం పావువంతు పడింది, స్టిఫ్‌నెస్ వేగం వర్గాన్ని బట్టి పోతుంది కాబట్టి అది దాదాపు సగానికి దిగినట్టు. మూడుసార్లు చేశాను, అంతే.

జూన్ 10

ఛీఫ్ నమ్మడు. సన్నమన్ను వెళ్ళి సందులు నింపితే ఇసుక ఇంకా గట్టిపడాలి కదా అంటాడు. అందరూ అలాగే అనుకుంటారు. ఇంటినిండా చుట్టాలుంటే పని తొందరగా అయిపోతుందా సార్ అన్నాను. బరువు మోసేది రేణువుకి రేణువు ఆనుకున్న పెద్ద ఇసుక. ఈ పిండి సందుల్లో ఊరికే కూర్చుంటుంది, ఇంకాస్త ఎక్కువైతే మోసేవాళ్ళని కూడా ఒకళ్ళకొకళ్ళు ఆనుకోనివ్వదు. తూకంలో ఉంటుంది, మోతలో ఉండదు.

నవ్వాడు. పాత నంబరు వేసి పంపేయమన్నాడు. సంతకం మాత్రం నాది.

జూన్ 11

తమ్ముడికి చెప్పాను. మొదట బతిమాలాడు. మధ్యలో ఒక నంబరు వెయ్యమన్నాడు, కూరగాయల బేరంలాగ. తర్వాత నువ్వసలు అక్కవేనా అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

అయిదు నిమిషాలకే అమ్మ. తోడబుట్టినవాడి నోట్లో మట్టి కొడతావా అంది. మట్టి కాదమ్మా, ఇసుక అన్నాను. తిట్టింది. తిట్టదూ మరి?

నూట డెబ్బై అయిదు వేసి సంతకం పెట్టాను. రిపోర్ట్ పంపేశాను.

జూన్ 12

కాంక్రీట్ లారీలు వెనక్కి వెళ్ళిపోయాయట.

జూన్ 14

వాణ్ణి హెడ్ ఆఫీస్‌కి పిలిచి నానా మాటలూ అన్నారట. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదట. అమ్మ చెప్పింది. వాడు నా ఫోన్ ఎత్తడం లేదు.

అసలు నాకు నిద్రపట్టనిది మొదటి హాలు గురించి. అదీ ఉతికిన నంబరు మీదే నిలబడింది. మళ్ళీ టెస్ట్ చేద్దాం, ఆ పునాదుల పక్కన తవ్వి శాంపిల్ పంపమనండి అని ఛీఫ్‌ని అడిగాను. అడగనిదానికి ఆవేశమెందుకన్నాడు. పోనీ, ఫ్యాక్టరీవాళ్ళకి నేనే మెయిల్ పెట్టాను. జవాబు లేదు. పోసేసిన పునాది తప్పని ఎవడు ఒప్పుకుంటాడు? ఒప్పుకుంటే ముందు పోయేది నా తమ్ముడి మెడకాయే. ఛీ, ఏం ఉద్యోగమో ఇది.

జూన్ 19, ఉదయం

తమ్ముడు వచ్చాడు. గడ్డం పెరిగింది, గోళ్ళనిండా మట్టి. మూడు ఇసుక సంచులు ల్యాబ్ గుమ్మంలో దించాడు. ఎక్కడివిరా అన్నాను.

మొదటి హాలువట. తనే తవ్వాడట.