ఖాతాల పైసలు ముట్టకు

బాపూ,

కూర గిన్నెల ఉంది, ఎచ్చవెట్టుకో. నేను వీసా కాయితాలకు హనుమకొండ పోతాన, పొద్దుగూకినంక వస్త.

బ్యాంకుల నా చదువుకని పెట్టిన పైసలు మాత్రం ముట్టకు. పోయిన నెల నూలు కొనడానికి తీసి, జంపఖానాలు అమ్మినంక మళ్ల ఏసినవు. నీ లెక్కల అది సరిపోయింది. వీసావోళ్ల లెక్కల నెలంత పైసలు కదలకుండ ఉండాలె, జర తగ్గినా దినాలు మళ్ల మొదటి నుంచి. ఈసారి గూడ గట్లయితే లండన్ల సీటు పోతది. నాకు నిద్ర వడ్తలేదు. సుట్టపోళ్లు ఎవలడిగినా లేవని చెప్పు, నీకు మొహమాటం ఎక్కువ.

నవనీత

మొన్నటి తీరు ఛాతిల నొప్పి లేస్తే మాత్రం ఆగకు. ఆ పైసలే తీసుకొని దవాఖానకు పో. సీటు పోతే పోనీ.