మతీన్‌కు చెప్పని ఫోను

అమీర్‌పేట,
13 మార్చి 2000.

తమ్ముడు మతీన్‌కు,

నిన్న పంజాగుట్ట ఫిల్మ్ క్లబ్బులో తలనొప్పి అని చెప్పి మధ్యలో వచ్చేశాను. అది అబద్ధం.

ఆ మాటల్లేని సినిమాలో ఒకడు స్నేహితుడికి వచ్చిన ఉత్తరాన్ని అసూయతో కోటు జేబులో దాచేస్తుంటే, నువ్వు నా భుజం చరిచి, "చూసినవా అన్నా, గీ హరామీగాడు అచ్చం మన వంశీధర్ లెక్కనే ఉన్నడు" అని నవ్వావు.

వంశీధర్ ఏ తప్పూ చేయలేదు. బేగంపేట కంపెనీ పరీక్ష ముగ్గురం రాశాం. మీ ఇంట్లో ఫోన్ లేక నువ్వు మా జిరాక్స్ షాపు ఫోనునే పీపీ నంబరుగా ఇచ్చావు. ఇంటర్వ్యూకి రమ్మని వాళ్లు చేసినప్పుడు ఫోన్ తీసింది నేను. మతీన్ వేరే ఉద్యోగంలో చేరాడని చెప్పి పెట్టేశాను. నీ పుస్తకాలతోనే కంప్యూటర్ నేర్చుకున్నాను. అయినా నాకు రాని పిలుపు నీకు వచ్చిందంటే ఓర్చుకోలేకపోయాను.

తర్వాత కంపెనీలో అడిగి, ఎవరో అలా చెప్పిన సంగతి తెలుసుకున్నావు. ఉద్యోగం వంశీధర్‌కు వచ్చింది, ఆ రోజు కాసేపు నా బదులు షాపులో కూర్చున్నదీ అతనే. అందుకే ఫోన్ తీసింది అతనేనని నమ్మావు. నేను కాదనలేదు. ఏడాదిగా మీ ఇద్దరికీ మాటల్లేవు.

శుక్రవారం అతని పెళ్లి. శుభలేఖ ఇవ్వడానికి వస్తే నువ్వు తలుపు కూడా తీయలేదట. దయచేసి వెళ్లు. ఈ ఉత్తరం అతనికీ చూపించు. తర్వాత ఇద్దరూ కలిసి నన్ను తిట్టడానికైనా రండి. షాపులోనే ఉంటాను.

ఇట్లు,
నువ్వు అన్నా అని పిలిచే మనిషి