గోడ మీద కేలండర్

ఆదివారం రాత్రి, 1979

ఈరోజు పెళ్ళిచూపులు. వాళ్ళొచ్చే ముందే అమ్మ, పోర్టు యూనిఫాంలో ఉన్న డాడీ ఫోటో గోడ మీంచి తీసేసింది. డాడీ ఆంగ్లో ఇండియన్ అని తెలిస్తే సంబంధం పోతాదంట. చనిపోయిన డాడీని కూడా దాచాలా?

పెళ్ళికొడుకు అమ్మ నా గడ్డం పట్టుకుని, "పిల్లికళ్ళేటి ఈ పిల్లకి?" అంది.

"మా అమ్మ పోలిక, వదినగారూ," అంది అమ్మ.

"మరి గోడ మీద ఆ తెల్లమచ్చేటి?"

"కేలండర్ ఉండేదండి."

ఇట్స్ మై డాడీ అని నోటిదాకా వచ్చింది. భయమేసి నవ్వేను.

పిల్ల నచ్చిందని చెప్పెల్లారు. వాళ్ళటెల్లగానే అమ్మ అక్కడ నిజంగానే కేలండర్ తగిలించేసింది. ఫోటో నా దిండు కింద దాచుకున్నాను. ఆ ఇంటికెళ్ళాక ఈ కళ్ళు ఎక్కడ దాచాలో...