లేని బ్రేకు

చెల్లీ, మేం నలుగురం కులాసా, బెంగపెట్టుకోకు. చూపు తగ్గిందని డిపోవాళ్లు బస్సు దింపేసి కుర్చీలో కూర్చోబెట్టినప్పట్నుంచీ ముభావంగా ఉన్న మీ బావ, నిన్న నవ్వారు! ఊరు చూద్దామని బయల్దేరి, చూడాల్సినవన్నీ గాలికొదిలేసి, పొద్దస్తమానం ఒకే సిటీ బస్సులో తిరిగాం. ఈయన డ్రైవరు వెనకాలే కూర్చుని, మలుపు వచ్చినప్పుడల్లా కాలితో లేని బ్రేకు తొక్కడమే. పిల్లలు ఒకటే నవ్వు. ఆ డ్రైవరు అద్దంలోంచి కనిపెడుతూనే ఉన్నాడు. ఆఖరి స్టాపులో అందరూ దిగాక ఇంజను ఆపి, తన సీటు తట్టి రమ్మన్నాడు. ఒకరి భాష ఒకరికి రాకపోతేనేం, ఇద్దరూ ఒకే తాను ముక్కలు కదా! మీ బావ కూర్చుని, అద్దం సర్దుకుని, అందులోంచి నన్ను చూశారు. నేనాగలేక వెనక నుంచి "రైట్, రైట్!" అని అరిచేశాను. కదలని బస్సులో ఆ మనిషి ఎంత నవ్వారనుకున్నావ్!

మొక్కలకి నీళ్లు పోస్తున్నావా? గ్యాసు బండ వచ్చిందా? అమ్మకి నమస్కారాలు, నీ చంటిదానికి ముద్దులు.

మీ అక్క

చోటు లేక అంచున రాస్తున్నా. ఎవరికైనా ఇచ్చేయమన్న పాతబట్టల మూట విప్పి, మీ బావ ఖాకీ చొక్కా తీసి ఉంచు. ఇస్త్రీ కూడా చేయించు.