పచ్చ కారు, నల్ల పొగ

చిరంజీవి హిమశ్రీకి,

సూరత్ నుంచి నీ బాపు దీవించి రాస్తున్నాడు. ఇక్కడ మేమిద్దరం క్షేమం, మీ అమ్మ మోకాలు ఒక్కటి తప్ప. పుణెలో నువ్వూ క్షేమంగా ఉన్నావని, ఆ హాస్టల్ అన్నం కాస్తయినా తింటున్నావని అనుకుంటున్నాను.

నీ ఉత్తరం పోయిన గురువారం అందింది. మూడు నెలలుగా నా ఫోన్ ఎత్తకుండా, అమ్మతో మాత్రం గంటలు గంటలు మాట్లాడి, చివరికి నాకో ఉత్తరం పడేశావు. చదవగానే నీకు ఫోన్ చేయబోయాను. మీ అమ్మ లాక్కుంది. "ఫోన్ల నువ్వు రెండో మాటకే ఒర్రుతవ్. కాయితం మీద ఒర్రరాదు గద, రాయి" అంది. అందుకే ఇవాళ నా రిపేరు షెడ్డు మూసేసి రాయడానికి కూర్చున్నాను.

నువ్వు అడిగినవి వరసగా చెబుతాను. అమ్మను డాక్టర్ మెట్లు ఎక్కొద్దన్నాడు. వడోద్‌లో మాది మూడో అంతస్తు అంటే ఆయనే తల పట్టుకున్నాడు. ఇప్పుడు పైనుంచి తాడు కట్టిన సంచి దింపుతోంది, నేను కూరగాయలు వేసి కేక పెడితే లాక్కుంటోంది. వంకాయలు మెత్తగా ఉంటే అదే తాడుతో మళ్ళీ కిందికి పంపిస్తోంది. రఘుపతి బాబాయి సర్వపిండి బండి పెడతానంటే మనం నవ్వాం కదా, ఇప్పుడు పాండేసర మిల్లు గేటు దగ్గర గుజరాతీలే ఎగబడి తింటున్నారు, అదీ పైన చక్కెర చల్లుకుని! నేను చూడలేక మొహం తిప్పుకుంటున్నాను.

ఇక మన వజ్రాల శేఠ్ ధనసుఖ్‌భాయ్ పచ్చ కారు. "ఇంకా పొగ గొడ్తుందా?" అని ఒక్క ముక్క రాసి వదిలేశావు. చెబుతాను, ఆగు. దానికన్నా ముందు నీ సంగతి ఉంది.

పదో తారీఖులోగా మీ వర్క్‌షాప్‌లో పని చేయడానికి ఇంజన్ సెక్షనో, విడిభాగాలిచ్చే స్టోర్సో ఏదో ఒకటి రాసివ్వాలన్నావు. స్టోర్సే రాస్తానన్నావు. "నా చెయ్యి ఇంజన్‌కు పనికిరాదని బాపే అన్నడు గద" అని కింద చిన్నగా రాశావు. ఆ లైను మీ అమ్మ పైకి చదివింది. 

ఆ రోజు ఏం జరిగిందో నీకు తెలుసు. అయినా నేను నా చేత్తో రాయాలి. అది ఇంగ్లండులో తయారైన పాత ఎమ్‌జీ, నాకన్నా పెద్దది, రెండు సీట్లకు రెండు కార్బ్యురేటర్లు. నువ్వు రెండు రోజులు దాని ముందు వంగే ఉన్నావు. రబ్బరు పైపు ముక్క చెవికి పెట్టుకుని రెండూ ఒకేలా గాలి పీలుస్తున్నాయా అని వింటూ, పెట్రోల్ పాళ్లు మార్చే కింది ఆరు పలకల నట్టును ఒక్కో పలక తిప్పుతూ, తిప్పినప్పుడల్లా నోట్‌బుక్‌లో రాసుకుంటూ. చివరికి ఇంజన్ ఎంత నిమ్మళంగా తిరిగిందంటే, పక్క మగ్గాల షెడ్డులోంచి రాజమల్లు వచ్చి "బండి స్టార్టయిందా, లేదా?" అని అడిగాడు.

మర్నాడు ధనసుఖ్‌భాయ్ భార్యను ఎక్కించుకుని డుమస్ బీచ్‌కు పోయి, నల్ల పొగ కక్కుకుంటూ తిరిగొచ్చాడు. పెట్రోల్ ఎక్కువ, గాలి తక్కువ. ఆవిడ చీరంతా పెట్రోల్ వాసన. నాకు తల తీసేసినట్టయింది. అందరి ముందు నిన్ను చూపించి, "ఆడపిల్ల చేతికి ఇంజన్ ఇచ్చిన, నాదే బుద్ధి తక్కువ. దీని చెయ్యి ఇంజన్‌కు పనికిరాదు" అన్నాను. నువ్వు పానా కింద పెట్టి, చేతులు తుడుచుకుని ఇంటికి పోయావు. వారం తిరగకుండా పుణె బస్సెక్కావు.

నువ్వు పోయాక ఆ కారు నన్ను ఏడిపించింది బిడ్డా. ప్లగ్గులు విప్పితే కాటుక. చోక్ తీగ ఇరుక్కుందేమో చూశాను, పెట్రోల్ వదిలే జెట్ చక్కగా వెనక్కి వస్తోంది. ఫ్లోట్ సూది కొత్తది వేశాను, పెట్రోల్ పొంగడం లేదు. ఇక మిగిలింది నువ్వు పెట్టిన నట్లే అనుకుని ఇవాళ ఒక పలక, రేపు రెండు పలకలు, పెట్రోల్ తగ్గేలా పైకి బిగించుకుంటూ పోయాను. లెక్క పెట్టుకున్నానా? లేదు. చివరికి నిలబెడితే ఇంజన్ దగ్గుతుంది, రోడ్డెక్కితే మళ్ళీ పొగే. నిలబడితే ఆకలి, పరుగెడితే అజీర్తి.

ఒక మంగళవారం గాలి ఫిల్టర్ డబ్బాలు రెండూ విప్పి, కడుగుదామని పక్కన పెట్టి, ఊరికే ఒక చుట్టు తిప్పొద్దామని కారు తీశాను. వడోద్ మలుపు దాకా పోయినా పొగ లేదు. దిగి సైలెన్సర్‌లో వేలు పెట్టి చూశాను. మసి అంటలేదు. వెనక్కొచ్చి ఆ డబ్బాలు తెరిచాను.

హిమా, రెండు డబ్బాల్లోనూ ఫిల్టర్ల చుట్టూ గుడ్డ ఉంది. కట్టింది నేనే.

పదిహేనేళ్లు మగ్గాల షెడ్డులో పనిచేసినవాణ్ణి. దూది నుసి లోపలికి పోకుండా మోటారు మూతికి గుడ్డ కట్టడం మా అందరికీ అలవాటు. నువ్వు ట్యూనింగ్ ముగించి చాయ్‌కి పోయినప్పుడు ఫిల్టర్లు బల్ల మీద ఉన్నాయి. పక్క షెడ్డు నుసి నా బిడ్డ చేసిన పనిని పాడు చేస్తుందని, పాలిస్టర్ ముక్క చింపి రెండేసి చుట్లు చుట్టి కట్టి, డబ్బాలు మూసి బిగించాను. నీకు చెప్పలేదు, తర్వాత మర్చేపోయాను. నువ్వు ఫిల్టర్లు తీసి సరిగ్గా ట్యూన్ చేశావు, నేను దాని ముక్కు మూశాను.

ఇంతవరకు రాయడం తేలికే. అసలు రాయలేనిది ఇది. ఆ మంగళవారం గడిచి మూడు వారాలైంది. గుడ్డలు కోసి, మీ అమ్మ కంటబడకుండా చెత్తలో వేశాను. ధనసుఖ్‌భాయ్‌కి బండి బాగు చేశానని చెప్పాను. ఆయన భుజం తట్టి "ఉస్తాద్ ఆఖిర్ ఉస్తాద్ హై" అని, ఎంతైనా పనిమంతుడు పనిమంతుడేనని మెచ్చుకున్నాడు, చాయ్ తెప్పించాడు. నేను నవ్వుకుంటూ తాగాను. నీకు మూడుసార్లు ఫోన్ చేశాను. నువ్వు ఎత్తనప్పుడల్లా లోపల హమ్మయ్య అనుకున్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను బిడ్డా.

నీ ఉత్తరం చదివాక మీ అమ్మకు చెప్పేశాను. కూరగాయల సంచి తాడు చుట్టి పక్కన పెట్టింది. తర్వాత "బిడ్డ నోట్ల మన్ను గొట్టి నువ్వు చాయ్ తాగినవా?" అంది. 

శుక్రవారం కతర్‌గామ్‌లో ధనసుఖ్‌భాయ్ కార్ఖానాకు పోయాను. వజ్రాలు సానపట్టే పనివాళ్లందరూ కూర్చుని ఉన్నారు. నిన్ను పదిమందిలో అన్నాను కనుక పదిమందిలోనే చెప్పాను. "శేఠ్, గల్తీ నాది. నా బిడ్డ చేసిన పనిల వంక లేదు. గుడ్డ కట్టింది నేనే, దాన్ని తిట్టింది నేనే." ఆయన కళ్లజోడు పైనుంచి చూసి, "మరి ఆ రోజు ఉస్తాద్ అనిపించుకున్నావు కదా, తిరుపత్‌భాయ్?" అన్నాడు. అవునన్నాను. "అది వాపస్ ఇచ్చెయ్" అన్నాడు. ఇచ్చేసి వచ్చాను.

పొగ లేదు కానీ, కారు నువ్వు పెట్టినట్టు తిరగడం లేదు. దాన్ని మళ్ళీ షెడ్డుకు తెచ్చుకుని, మూడు రోజులు ఆ పైపు ముక్క చెవికి పెట్టుకుని విన్నాను. మగ్గాల మధ్య అరిగిపోయిన చెవులు ఇవి, రెండు కార్బ్యురేటర్లూ నాకు ఒకేలా వినబడుతున్నాయి. నీ నోట్‌బుక్ చూసి ఏ నట్టు ఎన్ని పలకలో రాసి పంపు. బాపుగా అడగడం లేదు, పని రానివాడు వచ్చినవాళ్ళను అడిగినట్టు అడుగుతున్నాను.

ఇది స్పీడ్ పోస్ట్‌లో వేస్తున్నాను, పదో తారీఖుకు ముందే చేరాలి. స్టోర్స్ నీకు నచ్చితే స్టోర్సే రాసివ్వు, నాకు సంతోషమే. నా మాట పట్టుకుని మాత్రం రాయకు. ఆ మాట అబద్ధమని తెలిసి కూడా నేను మూడు వారాలు నోరు మూసుకున్నాను, బిడ్డా.

ఇట్లు,
పలకల లెక్క కోసం చూస్తున్న నీ బాపు,
తిరుపతయ్య