చీపురు కర్రకు కట్టిన అద్దం

అత్తయ్యగారికి నమస్కారం. నేను బాగానే ఉన్నాను, బెంగపడకండి.

బాంబుల కంపెనీలో పని మానేసి వచ్చెయ్యమని రాశారు. మేము చేసేవి బాంబులు కావు, వాటిని కనిపెట్టే సామాను. నిన్న కంపెనీ వార్షికోత్సవానికి, దీన్ని మొదలుపెట్టిన పెద్దాయన వచ్చారు. మేనేజరు ఆయన్ని ఆకాశానికెత్తేస్తుంటే ఆపి, ఆయనే కథ చెప్పారు. అప్పట్లో ఆయనది అద్దాల కొట్టు. ఎదురుగా తనిఖీ గేటు. కానిస్టేబులు వానలో కూడా బురదలో పడుకుని ప్రతి కారు కిందా చూసేవాడట. అది చూడలేక ఈయన చీపురు కర్రకు అద్దం బిగించి ఇచ్చారట. ఒక ఉదయం ఆ అద్దంలో, కారు అడుగున కట్టిన పొట్లం కనబడింది. కానిస్టేబులు కారులోవాళ్లనీ, వెనక బస్సులోని జనాన్నీ దింపి దూరంగా తరిమాడు. కారు పేలింది గానీ ఒక్కరికీ ఏమీ కాలేదు. అలాంటివి ఇంకా కావాలని పోలీసులు అడగడంతో కొట్టు కాస్తా కంపెనీ అయింది.

"ఈ ఏడు ఆర్డర్లు తగ్గాయండీ," అన్నాడు మేనేజరు దిగులుగా.

"తగ్గనీవయ్యా! మన సరుకు అక్కర్లేని రోజొస్తే, మళ్లీ మొహం చూసుకునే అద్దాలు అమ్ముకుంటా," అన్నారు పెద్దాయన.

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నేను రోజూ బిగించే అద్దాల్లో ఎవరు ఏం చూస్తారో ఇన్నాళ్లూ ఆలోచించనే లేదు.

పాపకు దగ్గు తగ్గిందా? స్వెటరు పొట్టయి ఉంటుంది, కొలత పంపండి. నీళ్ల మోటారు బాగుచేయించమని మీ అబ్బాయికి మీరే చెప్పండి, నా మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తారు. మామయ్యగారికి నమస్కారాలు, పాపకు ముద్దులు.

ఉద్యోగం మానను అత్తయ్యా. కోపమొస్తే కార్డు నిండా తిట్టండి, తిట్లయినా మీ చేతిరాత చూసుకుంటాను.

మీ కోడలు