కుడి కంటిది ఎడమకి

బుజ్జితల్లికి అమ్మ దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం, నువ్వూ అలాగే ఉన్నావనుకుంటాను. నా మోకాలి సంగతి అడిగావు. మెట్లెక్కితే పట్టేస్తోంది. మీ నాన్నకు దగ్గు తగ్గింది, సణుగుడు తగ్గలేదు.

కళ్ళజోళ్ళ కొట్టులో ఇరవై రెండేళ్ళుగా అద్దాలు బిగిస్తున్నాను కదా, నా చేతి జోడు ఒక్కటీ తిరిగి రాలేదని ఊరంతా చెప్పుకున్నాను. రెండు నెలల కిందట ఒక దర్జీ ఆవిడ వచ్చింది. నేనిచ్చిన జోడు పెట్టుకుంటే తల తిరుగుతోందంది. "కొత్త కదండీ, అలవాటు పడాలి" అని పంపేశాను. వారానికి మళ్ళీ వచ్చింది. "గడప ఎత్తు తెలియక పడబోయానమ్మా" అంటే, "చూసుకుని నడవాలి మరి" అన్నాను. మూడోసారి వచ్చేసరికి కొట్టు నిండా జనం. అందరి ముందూ కసిరాను. "కళ్ళజోడు పెట్టుకోవడం కూడా నేనే నేర్పాలా?" ఆవిడ జోడు బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది.

ఆవిడదే పొరపాటని తేల్చాలనే పంతంతో ఆ అద్దాలను పవరు చూసే మిషనులో పెట్టి చూశాను. కుడి కంటిది ఎడమకి, ఎడమ కంటిది కుడికి బిగించి ఉన్నాయి. ఇంకెవరు బిగిస్తారు, నేనే.

ఎవరికీ చెప్పనిది ఇది. సరిచేసి ఆవిడ ఇంటికి తీసుకెళ్ళి, "అద్దాల కంపెనీవాళ్ళే తప్పుగా పంపారండీ" అన్నాను. నమ్మింది. ఇంత దూరం వచ్చానని కాఫీ కూడా ఇచ్చింది. సిగ్గు లేకుండా తాగి వచ్చాను.

నువ్వు ల్యాబులో రెండు సీసాల చీటీలు తారుమారు చేసి, ఆ పూటే మీ పై ఆవిడకు చెప్పేశానని రాశావు. "మనింట్లో ఇలాంటివి జరగవు" అని నేను నీకు జవాబు రాసింది, ఆ కాఫీ తాగి వచ్చిన మర్నాడే. మొన్నటి నీ ఉత్తరంలో దాని గురించి ఒక్క ముక్క లేదు. నా మోకాలి గురించే అడిగావు. అది చదివాక ఇక కూర్చోలేకపోయాను.

నిన్న మళ్ళీ ఆవిడ ఇంటికి వెళ్ళాను. మెత్తగా చెబుదామనుకున్నాను, తగువుకు వెళ్ళినదానిలా చెప్పాను. "తప్పు నాదే. కంపెనీవాళ్ళది కాదు."

ఆవిడ కుట్టడం ఆపింది.

"నేనూ జాకెట్టుకి ఒక చెయ్యి పొట్టిగా, ఒక చెయ్యి పొడుగ్గా కుట్టినదాన్నేనమ్మా. మీ చేతులే అలా ఉన్నాయని మాత్రం ఎవరినీ అనలేదు" అంది.

ఇద్దరమూ నవ్వలేదు. ఆవిడ మళ్ళీ మిషను తొక్కింది, నేను వచ్చేశాను.

చెప్పేస్తే మనసు తేలికపడుతుందంటారు. నాకేమీ పడలేదు. నామీద నాకే ఒళ్ళు మండుతోంది. అయినా రాస్తున్నాను, నిన్ను అలా అనడం నా తప్పు. ఈ ఒక్క వాక్యానికి మూడు కాగితాలు చింపాను.

ఇట్లు,
చేతి పని మీద పొగరెక్కిన
మీ అమ్మ